తేలిన నట్ల డబ్బా

ఆ వీధిలో లిఫ్టు మెకానిక్కు ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. రాకెట్టు ఇల్లెక్కడ అని అడగండి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మరీ గుమ్మం ముందు నిలబెడతారు. మూడంతస్తుల పాత మేడ. కింది వాటాలో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద విప్పిపడేసిన మిక్సీలు, తీగలు కాలిపోయిన ఇస్త్రీ పెట్టెలు, వాటి వెనక ఒక కాలు చాపుకుని కూర్చున్న మనిషి. ఆయనే రాకెట్టు. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఇంకొకటి ఉంది గాని, దానితో పిలిచేవాళ్ళు ఎప్పుడో కరువైపోయారు.

ఆ బిరుదు ఇచ్చింది సొంత బామ్మర్ది. అందుకు రాకెట్టుకి కోపం లేదు సరికదా, లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా. కాలు పోయి, పని పోయి, నలుగురిలో మాట పోయాక మనిషికి మురిసిపోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఇతనికి అదొక్కటే మిగిలింది. మిక్సీ ఇవ్వడానికి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే చాలు, పేరు వెనక కథ అడిగినా అడక్కపోయినా మొదలుపెట్టేవాడు.

"పట్టు తప్పితే ఎవరైనా పడతారు. ఆ రోజు నేను పడలేదండీ, తేలాను. చేతిలో పానా వదిలేస్తే నా ముక్కు ముందే గాల్లో నిలబడింది. కాళ్ళ దగ్గర నట్ల డబ్బా ఉందా, అందులో నట్లు ఒక్కొక్కటే లేచి పైకొచ్చాయి. వాటి వెనకాలే డబ్బా. నా పాదాలు కూడా కేబిన్ నేలను వదిలేశాయి. టీవీలో అంతరిక్షంలో వాళ్ళు తేలుతుంటారే, అచ్చం అలా."

"తర్వాత?" అని అడిగేవారు.

"తర్వాతేముంది, భయపడి బయటికి గెంతాను. కాలు విరిగింది," అనేసి తల దించుకుని స్క్రూడ్రైవర్ వెతుక్కునేవాడు. కథలో మొదటి సగం చెప్పేటప్పుడు రాజులా ఉండే మనిషి రెండో సగానికి వచ్చేసరికి దొంగలా అయిపోయేవాడు.

ఎందుకంటే ఆ గెంతిన సంగతి అతనికి గుర్తు లేదు. పానా గుర్తుంది, నట్లు గుర్తున్నాయి, ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు గుర్తుంది. మధ్యలో తాను గెంతానని నలుగురూ చెబితే నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు?

అసలు జరిగిందిది. ఒక పాత గోదాములో సరుకుల లిఫ్టుకి తాళ్ళు మార్చే పని పడింది. ఇతను పెద్ద మెకానిక్కు, బామ్మర్ది అతని చేతి కింద మనిషి. బామ్మర్ది అంటే మామూలు బామ్మర్ది కాదు. పెళ్ళైన కొత్తలో అక్క వెనకాలే చిన్న సంచీ పట్టుకుని వచ్చి ఇంట్లో చేరినవాడు. ఆ అక్క వాడికి అన్నం కలిపి పెట్టింది, ఈ బావ వాడికి పట్టాలకు గ్రీజు పూయడం నుంచి మోటారు విప్పడం దాకా చేయి పట్టుకుని నేర్పించాడు. ఇంటికి పెద్ద కొడుకంటే వాడే అనుకునేవాడు.

తాళ్ళు మార్చేటప్పుడు కేబిన్‌ని చైన్ కప్పీకి వేలాడదీస్తారు. ఆ గొలుసు తెగినా ప్రాణం పోకుండా కేబిన్ అడుగున రెండు పక్కలా ఇనప దవడలుంటాయి. కేబిన్ జారితే అవి రెండూ ఒకే కడ్డీతో కదిలి, నిలువునా ఉండే పట్టాలను కరుచుకుని ఆపేస్తాయి; ఒకదాన్ని కట్టేసినా రెండోదీ కరవదు. చిక్కేమిటంటే, పని మధ్యలో కాస్త కుదుపు వచ్చినా ఆ దవడలు ఊరికే కరిచేస్తాయి. ఒకసారి కరిస్తే విడిపించడానికి తాతలు దిగిరావాలి. అందుకని మెకానిక్కులు వాటిని బైండింగ్ తీగతో కట్టేసి పని చేసుకుంటారు. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి, అందరూ చేసే పద్ధతి. దానికో కట్టుబాటు కూడా ఉంది. కట్టినవాడే విప్పాలి. విప్పినవాడు "విప్పాను" అని గట్టిగా కేక వెయ్యాలి. ఆ కేక వినపడకుండా ఎవరూ కేబిన్‌లో కాలు పెట్టరు. వినపడ్డాక ఎవరూ వంగి చూడరు. వంగి చూస్తే ఎదుటివాణ్ణి నమ్మనట్టు, అవమానించినట్టు.

ఆ రోజు రెండో అంతస్తులో కేబిన్ వేలాడుతోంది. కట్టింది బామ్మర్ది. "విప్పాను, ఎక్కు బావా," అని కేకేసి పైనున్న మోటారు గదిలోకి వెళ్ళిందీ అతనే. ఇతను వంగి చూడలేదు. పానా, నట్ల డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళాడు. గొలుసు తెగింది.

కంపెనీ విచారణ పెట్టింది. బామ్మర్ది అందరికంటే ముందు కిందికి పరుగెత్తుకొచ్చినవాడు, బావను ఎత్తుకుని ఏడ్చినవాడు కాబట్టి అతని మాటకు విలువ వచ్చింది. దవడలు పట్టాలను కరిచాయనీ, కేబిన్ రాసుకుంటూ మెల్లగానే దిగుతోందనీ, బావ బెదిరిపోయి తెరిచి ఉన్న గ్రిల్ లోంచి గెంతేశాడనీ చెప్పాడు. కదలకుండా కూర్చుని ఉంటే చిన్న గీత కూడా పడేది కాదన్నాడు. మూలుగుతూ మంచం మీదే వచ్చిన ఇతను నట్లు తేలడం గురించి చెప్పాడు. విచారించే పెద్దమనిషి ఓపిగ్గా విన్నాడు.

"చూడండి, వస్తువులు తేలేది అంతరిక్షంలో. అక్కడ భూమ్యాకర్షణ ఉండదు కాబట్టి తేలతాయి. మీ లిఫ్టు అంత పైకి వెళ్తుందా?" అన్నాడు.

గదిలో అందరూ ముసిముసిగా నవ్వారు. అప్పుడు బామ్మర్ది కళ్ళు తుడుచుకుంటూనే, "మా బావ రాకెట్టు సార్, వదిలెయ్యండి, పాపం తల అదిరింది," అన్నాడు. నవ్వు పెద్దదైంది. మంచం మీద ఇతను కూడా నవ్వాడు. అక్కడితో కంపెనీ చేతులు దులుపుకుంది. భయస్తుడు చేసిన పొరపాటుకు మేమేం చేస్తాం అంది. పేరు మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది.

ఆ తర్వాత బతుకు ఎలా సాగిందో చెప్పనక్కర్లేదు. సాటి మెకానిక్కులు ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. కొత్తగా పనిలో చేరేవాళ్ళకు, "కేబిన్ జారితే ఏం చెయ్యకూడదో తెలుసా? రాకెట్టులా గెంతకూడదు," అని పాఠం చెప్పేవారట. ఆ ముక్క కూడా ఎవరో పనిగట్టుకుని వచ్చి ఇతనికి చేరేశారు. కన్నతల్లి పోయేదాకా, "ఎవరు గెంతమన్నార్రా నిన్ను," అని సణుగుతూనే ఉంది. కూతురు బళ్ళో పరుగు పందెంలో ఉండి చివరి నిమిషంలో వెనక్కి తగ్గితే, "తండ్రి పోలిక," అని పక్కింటావిడ అంది. ఆ మాట విని ఇతను ఆ పూట అన్నం ముట్టలేదు.

ఒక్క భార్య మాత్రం ఆ మాట అనలేదు. కాలికి కట్లు మార్చింది, కుట్టు మిషను తొక్కి ఇల్లు లాక్కొచ్చింది, విసుక్కున్న రోజులూ ఉన్నాయి, గిన్నెలు ఎత్తి పడేసిన రోజులూ ఉన్నాయి. కాని "ఎందుకు గెంతావు" అని ఒక్కనాడూ అడగలేదు. లోకమంతా ఒక ఎత్తు, ఈమె ఒక ఎత్తు అనుకునేవాడు. ఎంత ఓర్పు, ఎంత మనసు అని తలుచుకుని రాత్రిళ్ళు కళ్ళు తుడుచుకునేవాడు.

బామ్మర్ది ఇప్పుడు అదే కంపెనీలో సూపర్వైజరు. కృతజ్ఞత లేనివాడని అనడానికి లేదు. ఆదివారం ఆదివారం పళ్ళు పట్టుకుని వస్తాడు. గుమ్మంలోనే, "ఏం బావా, ఇవాళ ఎంత ఎత్తుకెళ్ళొచ్చావ్?" అంటాడు. వీధిలో ఎవరైనా ఉంటే వాళ్ళనీ పిలిచి ఆ తేలిన కథ చెప్పిస్తాడు. అందరికంటే గట్టిగా నవ్వేది అతనే. తన కథను అంత ఇష్టంగా వినేవాడు ఇంకొకడు లేడని ఇతను సంబరపడిపోయేవాడు.

ఇలా ఉండగా కూతురు పెద్దదై ఒక బళ్ళో సైన్సు లాబులో పనికి కుదిరింది. ఒక సాయంత్రం అడుగున చిల్లు పెట్టిన ప్లాస్టిక్ సీసా ఒకటి పట్టుకొచ్చింది. మర్నాడు పిల్లలకు చూపించాలట, ముందు ఇంట్లో చేసి చూసుకుంటానంది. సీసా నిండా నీళ్ళు పోసి, చిల్లును వేలితో మూసి, మెట్లెక్కి రెండో అంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడింది. ఇతను కుర్చీ పెరట్లోకి లాక్కుని కూర్చున్నాడు.

"నాన్నా, చిల్లునే చూడు," అంది. వేలు తీసింది. నీళ్ళు సన్నటి ధారగా కారాయి. అప్పుడు సీసా వదిలేసింది. పడుతున్నంతసేపూ ఒక్క చుక్క బయటికి రాలేదు. నేలకు కొట్టుకున్నాకే నీళ్ళు చిమ్మాయి.

"మళ్ళీ చెయ్యి," అన్నాడు. మళ్ళీ చేసింది. అంతే. ధార ఎవరో కత్తిరించినట్టు ఆగిపోయింది.

"ఎందుకాగింది?"

"అంతరిక్షంలో వాళ్ళు ఎందుకు తేలతారో అందుకే," అంది, మెట్లు దిగొచ్చి తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ.

"అక్కడ భూమి లాగదు కదమ్మా."

"అందరూ అదే అనుకుంటారు. లాగుతుంది నాన్నా. ఇక్కడికన్నా కాస్తే తక్కువ. లాగకపోతే చందమామ ఎప్పుడో మనకు టాటా చెప్పి పోయేవాడు."

"మరి పడరేం?"

"పడుతూనే ఉంటారు. అసలు సంగతే అది. మేడ మీంచి రాయి విసిరితే కాస్త దూరం పోయి పడుతుంది కదా. ఇంకా గట్టిగా విసిరితే ఇంకా దూరం పోతుంది. భూమి గుండ్రం కాబట్టి, రాయి పడేలోపు కింద నేలే వంగిపోయేంత వేగంతో విసిరామనుకో. అది పడుతూనే ఉంటుంది, నేల అందదు. వాళ్ళ నౌకా అలాగే పడుతోంది, లోపల వాళ్ళూ అలాగే పడుతున్నారు. నువ్వు ఎంత వేగంగా పడుతున్నావో నీ కాళ్ళ కింద నేల కూడా అంతే వేగంగా పడుతుంటే, నీ పాదాల్ని నెట్టేదేముంది? ఆ నెట్టుడే మనకు బరువు. అది పోతే తేలినట్టే. సీసాలో నీళ్ళ సంగతీ అంతే. సీసా, నీళ్ళూ కలిసి పడుతుంటే నీళ్ళు దేని మీద ఒత్తుతాయి?"

సీసాను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"దీని మెడకు దారం కట్టు," అన్నాడు. "దారం వేళ్ళ మధ్య రాసుకుంటూ జారేలా వదులు. పూర్తిగా వదలొద్దు, గట్టిగా ఆపనూ వద్దు."

కూతురు నవ్వి సరేనంది. పైకెళ్ళి దారం వేళ్ళ మధ్య నుంచి జారవిడిచింది. సీసా మెల్లగా దిగింది. దిగుతున్నంతసేపూ చిల్లులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"కొంచెం పట్టుకున్నా కారుతుందా?" అని కింద నుంచి అడిగాడు.

"పట్టుకున్న మేరకు కారుతుంది నాన్నా. అస్సలు కారకూడదంటే అస్సలు ఏదీ పట్టుకోకూడదు."

అతనికి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. కూతురు కంగారుగా దిగొచ్చి ఏమైందంటే కంట్లో నీళ్ళు చిందాయన్నాడు. మొదట వచ్చింది సంతోషం. పట్టలేనంత సంతోషం. తాను గెంతలేదు. కేబిన్ రాసుకుంటూ దిగి ఉంటే నట్లు డబ్బాలో, డబ్బా నేల మీద బుద్ధిగా ఉండేవి. అవి తేలాయంటే కేబిన్‌ని ఏదీ పట్టుకోలేదు. తను, పానా, నట్లు, కేబిన్ అన్నీ కలిసి రాయిలా కింద పడ్డాయి. తను పిరికివాడు కాదు. ఇన్నేళ్ళూ తల దించుకోవాల్సిన పనే లేదు. లేచి వీధిలోకి పోయి ఒక్కొక్కరి గుమ్మంలో చెప్పాలనిపించింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. దవడలు పట్టుకోలేదంటే అవి కట్టేసి ఉన్నాయి. అవి విప్పానని కేకేసినవాడు ఒక్కడే. అందరికంటే ముందు కిందికి వచ్చినవాడూ వాడే. తీగను కత్తిరించి జేబులో వేసుకుని, తనను కేబిన్‌లోంచి బయటికి లాగి పడుకోబెట్టి, ఆ తర్వాత ఏడ్చాడన్నమాట. ఆ సీసాను అక్కడే ఉంచమని కూతురితో చెప్పి, లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం బామ్మర్ది వచ్చాడు. కూతురు బయటికెళ్ళింది. భార్య వంటింట్లో టీ పెడుతోంది. పళ్ళ సంచీ బల్ల మీద పెడుతూ, "ఏం బావా, ఇవాళ ఎంత ఎత్తుకెళ్ళొచ్చావ్?" అన్నాడు.

"కూర్చో. ఒక అనుమానం ఉంది, తీర్చు."

"అడుగు."

"నేను గెంతానన్నావ్. సరే, గెంతాననే అనుకుందాం. నట్ల డబ్బా కూడా గెంతిందా?"

బామ్మర్ది నవ్వబోయి, బావ మొహం చూసి ఆగాడు. "అదేం మాట బావా, నీ తల అదిరి..."

"నా తలకేం కాలేదు. దవడలు ఒక్క వీసమెత్తు పట్టుకున్నా నట్లు పైకి లేవవు. అంతరిక్షంలో వాళ్ళు తేలేది భూమి లాగక కాదురా, ఏదీ ఆపకుండా పడుతున్నారు కాబట్టి. నేనూ అలాగే పడ్డాను. నీకు చదువు అక్కర్లేదు, నువ్వే కట్టావు కాబట్టి నీకు ముందే తెలుసు. విప్పాను అన్నావ్."

"అన్నాను. ఒక పక్కది విప్పాను బావా. రెండో పక్కది కూడా విప్పాననుకున్నాను. పైనుంచి ఎవరో పిలిస్తే ఆ తొందరలో... నీ మీద ఒట్టు, కావాలని కాదు."

"కావాలని కాదని నాకు తెలుసు. మర్చిపోయావ్. మనుషులు మర్చిపోతారు. నిజం చెప్పి ఉంటే నిన్ను రెండు తన్ని ఊరుకునేవాణ్ణి. గెంతాడని ఎందుకు చెప్పావ్?"

బామ్మర్ది కిటికీ వైపు చూశాడు.

"నువ్వు బతకవన్నారు బావా. డాక్టరే చెప్పాడు, రాత్రి దాటదని. పోయినవాడి మీద వేస్తే ఎవరికీ ఏమీ కాదు గదా అనుకున్నాను. తీరా నువ్వు బతికావ్. అప్పటికే కంపెనీవాళ్ళ కాగితం మీద సంతకం పెట్టేశాను, విచారణలోనూ అదే చెప్పాల్సొచ్చింది."

బతికినందుకు బావే క్షమించమని అడగాలేమో. విచారణ గదిలో తన పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్న ఆ మొహమే ఇది. రాకెట్టు అని పేరు పెట్టి, ఆదివారం ఆదివారం వచ్చి, నలుగుర్ని పోగేసి ఆ కథను నవ్వులాటగా మార్చిన నోరే ఇది. నవ్వే కథను ఎవరూ నిజమని నమ్మరు. ఎవరూ నమ్మకూడదనే వాడు అంత గట్టిగా నవ్వేవాడు.

"వెళ్ళు," అన్నాడు. "ఆ పళ్ళు కూడా పట్టుకెళ్ళు."

బామ్మర్ది లేచాడు. పళ్ళ సంచీ తీసుకోలేదు. వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ గుమ్మంలో భార్య రెండు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది.

"విన్నావా?" అన్నాడు.

ఆమె ఆశ్చర్యపోతుందని అనుకున్నాడు. తమ్ముణ్ణి తిట్టిపోస్తుందనీ, కాకపోతే తమ్ముడు అలాంటివాడు కాదని తన మీదే ఒంటికాలి మీద లేస్తుందనీ అనుకున్నాడు. ఆమె రెండూ చెయ్యలేదు. గ్లాసులు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడెందుకండీ అవన్నీ," అంది.

"నీకు తెలుసా?"

"ఆ రోజే చెప్పాడు. ఆసుపత్రి వరండాలో నా కాళ్ళ మీద పడి ఏడ్చాడు. మీరేమో ఉంటారో పోతారో తెలియదు. వాణ్ణి కూడా పోలీసులు తీసుకుపోతే నేనూ పిల్లా ఎవరి మొహం చూడాలి? చెప్పొద్దని నేనే అన్నాను."

"నేను బతికాక?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. అబద్ధం చెప్పే మనిషి కాదు ఆమె. చెప్పడం చాతకాదు.

"చెబుదామనే అనుకున్నాను. ఇవాళ, రేపు అని. మీరు నవ్వుతూ ఆ కథ చెప్పుకోవడం మొదలెట్టారు. పోనీలే, ఇలా గడిచిపోతోంది కదా అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది."

అలవాటైపోయింది. లోకమంతా పొడిచినా ఆమె ఒక్కతే పొడవలేదని ఇన్నేళ్ళూ ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాడు. "ఎందుకు గెంతావు" అని ఆమె అడగకపోవడం ప్రేమ అనుకున్నాడు. గెంతలేదని తెలిసిన మనిషి ఎందుకు గెంతావని ఎలా అడుగుతుంది? తిట్టిన తల్లి, వెక్కిరించిన వీధి, మొహం తిప్పుకున్న మెకానిక్కులు, వాళ్ళందరూ తెలియక చేశారు. తెలిసి ఊరుకున్నది ఈ ఇల్లు ఒక్కటే.

"ఒక్కసారైనా, ఎవరు గెంతమన్నారు అని నన్ను తిట్టి ఉంటే బాగుండేదే," అన్నాడు.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతనికి జాలి వేయలేదు. కోపం కూడా రాలేదు. కాళ్ళ కింద నేల ఉన్నట్టు అనిపించలేదు, అంతే. ఆ తేలడంలో ఒకప్పుడు సుఖముందని ఊరందరికీ చెప్పుకున్నందుకు సిగ్గేసింది.

కిటికీ బయట ఎవరో ఆగి, "రాకెట్టూ, మా మిక్సీ అయిందా?" అని కేకేశారు.

"అయింది, వచ్చి తీసుకెళ్ళు," అన్నాడు.